చుక్కల డాక్టరమ్మ

గొట్టాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, అడుగున గోటితో మెల్లగా కొట్టింది డాక్టరమ్మ. ఆవగింజంత పేరుకున్న తెల్లటి ముద్ద చెదిరి నీళ్ళలో పొగలా పైకి లేచింది. దీపం వైపు ఎత్తి చూసింది. ఎర్రదనం ఇంకా పూర్తిగా పోలేదు. మళ్ళీ కడగాల్సిందే.

"మళ్ళీనా?" అన్నాడు వెనకనుంచి బావగారు.

ల్యాబ్‌లో గొట్టాలు, రంగులు, యంత్రం చూసుకునే టెక్నీషియన్ అతను. నిజానికి అతను ఒక్కరికే బావగారు. ఎప్పుడో ఆ ఆస్పత్రిలో పనిచేసిన ఒక నర్సుకి అక్క మొగుడు. ఆ నర్సు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది కానీ ఆవిడ పిలిచిన పిలుపు మాత్రం ఆస్పత్రిని వదిలిపోలేదు. గేటు దగ్గర కాపలా మనిషి మొదలు పెద్ద డాక్టరు దాకా అందరికీ ఇప్పుడతను బావగారే.

"మళ్ళీనే. దీన్ని తొందరపెట్టకండి," అంది డాక్టరమ్మ.

"తొందరపెట్టేది నేను కాదమ్మా. పెద్దాయన పొద్దున్నుంచీ ఫోను మీద ఫోను. మధ్యాహ్నంలోగా తేల్చి చెప్పకపోతే మందు ఎక్కించేస్తానంటున్నాడు."

"ఆయనట్లాగే అంటాడు. అనకపోతే ఆయన డాక్టరే కాదు."

ఆమె పిట్టంత మనిషి. తలంతా నెరిసి, ముడి వదులై ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఒకే బల్ల మీదకి వంగి వంగి ఎడమ భుజం కాస్త కిందకి దిగింది. రోజంతా గ్లవుజుల్లో నానిన వేళ్ళ కొసలు ముడతలు పడి చాకిరేవులో బట్టలుతికిన చేతుల్లా ఉంటాయి. ఆ ల్యాబ్ నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. బయట ఎండ మండుతున్నా లోపల స్వెట్టరు వేసుకోవాల్సిందే, ఎందుకంటే ఆ చలి యంత్రం కోసం పెట్టింది, మనిషి కోసం కాదు.

గొట్టంలో ఉన్నది నాలుగో అంతస్తు వార్డులో ఉన్న అయిదేళ్ళ పిల్ల ఎముకలోంచి తీసిన మజ్జ. వార్డులో ఆ పిల్లని రాణిగారంటారు. సూది పొడిచే ముందు అనుమతి అడగాలట. అడక్కపోతే చెయ్యి ఇవ్వదట. ఇవన్నీ బావగారు మోసుకొచ్చిన కబుర్లు. డాక్టరమ్మ ఆ పిల్లని ఎప్పుడూ చూడలేదు. రక్త కేన్సరుతో వానాకాలంలో వచ్చి చేరింది. మందులకి బాగా లొంగింది. చలికాలం వెళ్ళింది, ఎండలు ముదిరాయి, ఇంక ఇంటికి పంపిద్దామని అనుకుంటుండగా చివరి పరీక్షలో అనుమానంగా ఒక చిన్న కణాల గుంపు కనిపించింది. రోగం తిరగబెట్టిందని పెద్ద డాక్టరు భయం. తిరగబెడితే ఇవ్వాల్సిన మందు అలాంటిలాంటిది కాదు. అది రోగంతోపాటు గుండెనీ కొడుతుంది. రోగాన్ని గెలిచి మందుకి ఓడిపోయిన పిల్లలున్నారు. "ఇంకొక్కసారి మజ్జ తియ్యండి, ఈ గుంపు నాకు వేరేగా కనిపిస్తోంది" అని డాక్టరమ్మ పట్టుబడితే, ఇవాళ్టిదాకా గడువిచ్చాడు.

బల్ల మీద ఫోను మోగింది. అక్క.

"తిన్నావా?"

"ఇంకా పది కూడా కాలేదక్కా."

"నీకు పదైనా ఒకటే, నాలుగైనా ఒకటే. డబ్బా తెరిచి చూడమని చెప్తున్నా. ఆ చుక్కల్ని చూసినంత శ్రద్ధగా డబ్బాలోకి ఒక్కసారి చూడు చాలు. సరేగానీ, సాయంత్రం గేటు దగ్గరికి నేనే వస్తా. ఇన్నేళ్ళూ నువ్వే వచ్చావు ఇంటికి. ఇవాళ నేనొచ్చి తీసుకెళ్తా."

"ఎందుకక్కా, నేనేమన్నా దారి తప్పుతానా?"

"తప్పవు. అందుకే వస్తున్నా. అలవాటు కొద్దీ రేపు కూడా అటే వెళ్ళిపోతావని నా భయం," అని పెట్టేసింది అక్క.

బడిలో పిల్లలకి ఆటలు నేర్పి రిటైరైన మనిషి అక్క. మొగుడు పోయినప్పటినుంచీ చెల్లెలి దగ్గరే ఉంటుంది. ఇప్పటికీ ఆవిడ గొంతు మైదానం అవతలి గట్టుకి వినపడేలాగే ఉంటుంది. బావగారికి ఫోనులోంచి అంతా వినపడింది. వినపడనట్టు రంగుసీసాలు సర్దుకున్నాడు.

మూడోసారి కడిగాక గొట్టం తేటపడింది. రంగులు కలిపి చీకట్లో పెట్టి, నీళ్ళు తాగి వచ్చింది.

ఆ యంత్రం చేసే పని చెప్పడానికి తేలికే. మజ్జలోంచి తీసిన కణాలు సన్నటి దారిలో ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. నడుస్తున్న ఒక్కొక్కదాని మీదా వెలుగు పడుతుంది. పూసిన రంగుల్ని బట్టి ఒక్కో కణం తెరమీద ఒక్కో చుక్కవుతుంది. ఏ చుక్క ఎక్కడ పడిందో చూసి అది ఎలాంటి కణమో చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న మజ్జలో కణాలు బడిపిల్లల్లాంటివి. ఒకటో తరగతిలో చేరతాయి, రెండుకి వెళతాయి, మూడుకి వెళతాయి, చదువయ్యాక రక్తంలోకి వెళ్ళి ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుంటాయి. కేన్సరు కణం మాత్రం ఒకటో తరగతిలోనే తిష్ట వేస్తుంది. పెరగదు, పైకి పోదు, తనలాంటివాళ్ళని పోగేసి బడినే ఆక్రమిస్తుంది. చిక్కల్లా ఒక్కటే. మందులతో ఖాళీ అయిన మజ్జ మళ్ళీ మేలుకునేటప్పుడు కొత్త కణాలు ఒక్కసారిగా గుంపులుగా పుట్టుకొస్తాయి. అవీ ఒకటో తరగతివే. చూపుకి అచ్చం ఆ కేన్సరు దొంగల్లాగే ఉంటాయి. వాళ్ళలో దొంగ ఎవరు, పసివాడు ఎవరు? బతుకంతా డాక్టరమ్మ చేసిన పని ఇదొక్కటే.

మొదట్లో ఆమె కూడా వార్డు డాక్టరే. పొడుపుకథలు వేసే ఒక పిల్లవాడుండేవాడు. సెలైను ఎక్కుతున్నా, వాంతులవుతున్నా, ఎవరు మంచం దగ్గరికొచ్చినా ఒక పొడుపుకథ విప్పి తీరాల్సిందే. వాడి మజ్జలో ఇలాగే ఒక గుంపు కనిపించింది. రోగం తిరగబెట్టిందనుకుని అందరూ కలిసే ఆ పెద్ద మందు ఇచ్చారు. వాడు దాన్ని తట్టుకోలేకపోయాడు. పోయాక చూస్తే మజ్జ కడిగిన ముత్యంలా ఉంది. ఆ గుంపు దొంగలది కాదు, అప్పుడప్పుడే పుడుతున్న పసికణాలది. ఎవరి తప్పూ లేదు. అప్పటికి ప్రపంచానికి తెలిసింది అంతే. వాడి తల్లికి ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు డాక్టరమ్మ నోరు పెగల్లేదు. పక్కన నిలబడ్డ సహాధ్యాయి చెప్పాడు. ఇప్పుడతనే పెద్ద డాక్టరు.

"తెలియకపోవడం తప్పు కాదు. తెలియకుండానే ఉండిపోతే మాత్రం తప్పే," అని అతనితో అని, ఆ నెలలోనే అడిగి మరీ నేలమాళిగకి మారిపోయింది.

ఆ తరవాత ఆమె చేసినదాన్ని కథగా చెప్పడం కష్టం. అందులో కథేమీ లేదు. కోలుకుంటున్న పిల్లల మజ్జ ఎలా ఉంటుందో ఎవరూ రాసిపెట్టలేదు, కాబట్టి ఒక్కొక్క గొట్టమూ చూస్తూ పోయింది. ఈ రంగు పనికిరాలేదు, ఇంకోటి వేసింది. ఆ రంగూ పనికిరాలేదు. వ్యాసం రాసి పంపితే తిరిగొచ్చింది. మళ్ళీ రాసింది, మళ్ళీ తిరిగొచ్చింది. ఒక సభలో ఎవరో పెద్దమనిషి లేచి, "మందు కనిపెట్టేవాళ్ళని చూశాం. మందు మానిపించే పరిశోధన చూడ్డం ఇదే మొదలు," అంటే సభంతా ఘొల్లున నవ్వింది. ఆమె కూడా నవ్వి, "అవునండీ, సరిగ్గా చెప్పారు. నా పరిశోధన అదే," అంది. చివరికి నాలుగు ఊళ్ళ ఆస్పత్రులు కలిసొచ్చాయి. తర్వాత ఇంకొన్ని. మజ్జ శుభ్రంగా ఉందని ఆమె పద్ధతిలో తేలిన పిల్లలకి ఆ పెద్ద మందు మానేసి చూశారు. మందు తీసుకున్నవాళ్ళతో సమానంగా బతికారు. గుండెలు మాత్రం వీళ్ళవే గట్టిగా ఉన్నాయి.

ఇప్పుడు పిల్లల డాక్టర్లు చదివే వైద్య పుస్తకంలో దాని గురించి ఒక వాక్యం ఉంది. ఆమె పేరు లేదు. ఆ పేజీ చూపిస్తే అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇంతేనా? ఇన్నేళ్ళకి ఒక్క వాక్యమా? నేను కిరాణా చీటీ రాసినా ఇంతకంటే పొడుగుంటుంది కదే," అంది. అని, ఆ పుస్తకాన్ని ఎవరింటికి వెళ్ళినా చంకలో పెట్టుకుని వెళ్ళింది చాలా రోజులు.

గొట్టాన్ని యంత్రానికి తగిలించింది డాక్టరమ్మ. తెర మీద మొదటి చుక్కలు రాలడం మొదలైందో లేదో, గోడలు అదిరేలా సైరన్ మోగింది.

"ఫైర్ డ్రిల్లమ్మా! నిన్న కాగితం అంటించారు కదా, వార్డులు తప్ప అందరూ బయటికి రావాలట. రండి, లేకపోతే పేర్లు రాసుకుంటారు," అన్నాడు బావగారు.

"రాసుకోనివ్వండి. మీరు వెళ్ళండి."

అతను తటపటాయించి, ఆమె కుర్చీలోంచి లేవదని తెలిసి, తనొక్కడే వెళ్ళాడు. చుక్కలు రాలుతున్నాయి. ఆమె ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది. మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరైంది. తలుపు తోసుకుని ఒక పొడుగాటి అమ్మాయి లోపలికొచ్చింది. అగ్నిమాపక దళం చొక్కా, చంకలో హెల్మెట్టు.

"మేడమ్, సైరన్ వినపడలేదా?"

"వినపడిందమ్మా. చెవులు బాగానే ఉన్నాయి. ఇది మధ్యలో ఉంది. ఆపితే పాపం ఆ పిల్లకి మళ్ళీ సూది వెయ్యాలి."

"నిజంగా మంటలొస్తే ఏం చేస్తారు?"

"నిజంగా వస్తే గొట్టం పీక్కుని నీకంటే ముందు పరిగెడతా."

ఆ అమ్మాయి నవ్వలేదు. ఆమె చూపు తెరమీద ఆగిపోయింది. రెండడుగులు ముందుకేసి వంగి చూసింది.

"ఇవి... ఇలాంటివి మా ఇంట్లో ఉన్నాయి."

"ఏవి?"

"ఈ చుక్కలే. కాగితం మీద. మా అమ్మ ఫ్రేము కట్టించి హాల్లో గోడకి పెట్టింది. ఇదేంటండీ అని ఎవరడిగినా, మా పిల్ల చిన్నప్పటి ఫోటో అని చెప్తుంది."

డాక్టరమ్మ మొదటిసారి తెరమీంచి చూపు తిప్పుకుంది. నల్లటి ఒత్తయిన జుట్టు, ఎండకి కమిలిన బుగ్గలు, బలమైన మెడ. ఎవరో తెలియలేదు.

"నీ ముఖం నాకు గుర్తు రాదమ్మా. నేనెవరి ముఖమూ చూడలేదు. ఆ కాగితంలో ఎడమ పక్క కిందుగా ఒక వంపు ఉంటుందా? చివర రెండుగా చీలి..."

"చేప తోకలాగా!"

"నువ్వా!" అంది డాక్టరమ్మ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "చేపతోక పిల్లవి నువ్వా! నా లెక్కని నమ్మి ఆ మందు మానేసిన మొట్టమొదటి పిల్లవి నువ్వే. మీ అమ్మ నమ్మలేక ఏడుస్తుంటే ఆ కాగితం పైకి పంపించాను. ఆ ఏడాదంతా ఈ ఫోను మోగితే చాలు, నీ గురించేననుకుని నా పై ప్రాణాలు పైనే పోయేవి."

"మా అమ్మ చెప్పేది. కింద చుక్కలు చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది, ఆవిడే మందు వద్దందట అని. నేనేమో అది కథ అనుకునేదాన్ని."

యంత్రం ఆగింది. గొట్టం ఖాళీ. చుక్కలన్నీ తెరమీద కుదురుకున్నాయి. చూద్దామని డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకునేలోగా పైనుంచి ఎవరో విజిల్ ఊదారు.

"అయిందా మేడమ్?"

"అయింది. ఒక్కసారి చూసి..."

"చూడ్డం తరవాత. లోపల ఉండిపోయినవాళ్ళని ఎత్తుకు రావడం కూడా డ్రిల్లే మాకు," అంటూ ఆ అమ్మాయి ఒక్క ఊపులో ఆమెను లేపి భుజాన వేసుకుంది.

"అయ్యయ్యో, దించు తల్లీ, నడుస్తాను!"

"స్పృహ తప్పినవాళ్ళు మాట్లాడరు మేడమ్."

తలకిందులుగా వేలాడుతూ డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ముడి ఊడిపోయింది. ఆ అమ్మాయి మెట్లెక్కుతోంది, ఆగకుండా, ఆయాసపడకుండా. పడిపోతానేమోనని ఆమె నడుముని పట్టుకుంటే డాక్టరమ్మ చెవి ఆ వీపుకి అతుక్కుంది. చొక్కా కింద గుండె చప్పుడు. ధన్, ధన్, ధన్. ఎక్కిన మెట్లకి కాస్త వడి పెంచుకుని, ఎక్కడా తడబడకుండా, బండెడు బరువునైనా లాగుతానన్నట్టు కొట్టుకుంటోంది. ఆ పెద్ద మందు పడని గుండె. ఇన్నేళ్ళూ పట్టికల్లో అంకెలుగా చూసింది దాన్నే. చెవితో వినడం ఇదే. నవ్వుతున్న మనిషి కళ్ళలోంచి నీళ్ళు నుదుటి మీదుగా వెనక్కి జారి జుట్టులో కలిసిపోయాయి.

ఆవరణలో నిలబడ్డ గుమాస్తాలు, ల్యాబుల వాళ్ళు చప్పట్లు కొట్టారు. బావగారు ఈల వేశాడు.

"పరుగు పరీక్షలో మా బ్యాచికంతా నేనే ఫస్టు," అంది ఆ అమ్మాయి, ఆమెను నేలమీద నిలబెట్టి, ఊడిన జుట్టు వెనక్కి తోస్తూ. "మీరు నిజంగా ఉంటే ఈ మాట మీతో చెప్పాలనుకునేదాన్ని."

డాక్టరమ్మ ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టు కాసేపు వదల్లేదు.

మళ్ళీ కిందకి వచ్చాక తలుపు వేసుకుని తెర ముందు కూర్చుంది. ఈసారి నవ్వు లేదు. తెరమీది చెత్త చుక్కల్ని వడగట్టింది, జంటగా అతుక్కున్నవాటిని తీసేసింది, ఒక్కొక్క రంగునీ ఇంకో రంగుతో పోల్చింది. గుంపు ఉంది. పోయినసారికంటే పెద్దదైంది కూడా. ఆమె మళ్ళీ చూసింది. తరవాత కుర్చీ వెనక్కి జరిపి, "బావగారూ, ఇటు రండి. నేనేమీ చెప్పను. మీకేం కనిపిస్తోందో చెప్పండి," అంది.

అతను తుడుచుకుంటున్న చేతులతోనే వచ్చి వంగి, చాలాసేపు చూశాడు. పెదాలు విచ్చుకున్నాయి.

"బడి తెరిచారమ్మా," అన్నాడు.

పెద్ద డాక్టరు గదిలో బల్లంతా కాగితాలు. ఆయన బట్టతల మీద కళ్ళజోడు, కళ్ళమీద ఇంకో కళ్ళజోడు. ఆమె పోయినసారి చుక్కల బొమ్మా, ఇవాళ్టిదీ తెచ్చి పక్కపక్కన పెట్టింది.

"గుంపు పెరిగింది," అన్నాడాయన వెంటనే.

"పెరిగింది. కానీ కూర్చుని లేదు, నడుస్తోంది. పోయినసారి అందరూ ఒకటో తరగతి. ఇవాళ చూడు, రెండులో ఉన్నారు, మూడులో ఉన్నారు, ఇదిగో వీళ్ళు బడి దాటేశారు. దొంగలు పై తరగతికి వెళ్ళరు."

ఆయన పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశాడు.

"రేపట్నుంచి నువ్వుండవు. ఇవాళ్టితో నీ సర్వీసు అయిపోతోంది. ఏదన్నా తేడా వస్తే ఆ తల్లి ముందు నిలబడాల్సింది నేను."

"తెలుసు. అందుకే నన్ను నమ్మొద్దు. చుక్కల్ని చూడు. నీకు అనుమానమున్న చోట వేలు పెట్టు."

ఆయన వేలు పెట్టాడు. ఆమె చెప్పింది. ఇంకోచోట పెట్టాడు. దానికీ చెప్పింది. ఆయన వాదించాడు, ఆమె తగ్గలేదు. ఇద్దరి గొంతులూ లేచాయి. నర్సు తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసింది. ఆయన చివరగా గుంపుకి దూరంగా ఉన్న నాలుగు చుక్కల మీద వేలు పెట్టాడు.

"మరి ఇవి?"

"అవి నాకూ తెలీదు," అంది డాక్టరమ్మ. "ధూళి కావచ్చు, కాకపోవచ్చు. నాలుగంటే నాలుగే. వచ్చే నెల బావగారి చేత మళ్ళీ చూపించు. పెరిగితే అప్పుడు మాట్లాడదాం. వాటి కోసం మాత్రం ఇవాళ ఆ గుండెని కొట్టకు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. తలమీది కళ్ళజోడు జారి వెనకపడింది.

"అన్నీ తెలుసునని చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు. తెలీదన్నావు చూడు, అదీ నాకు కావాల్సింది." ఫోనెత్తి, "ఆ మందు వెనక్కి పంపించెయ్యండి. అవును, ఇప్పుడే. రాణిగారికి డిశ్చార్జి కాగితాలు రాయండి," అన్నాడు. పెట్టేసి ఆమె వైపు చూశాడు. "నువ్వే వెళ్ళి చెప్పు."

"నేనా? చెప్పడం చేతకాకనే కదా కిందకి పోయింది!"

"చెడ్డవార్త చెప్పడం చేతకాక పోయావు. ఇది మంచివార్త. ఎలా ఉంటుందో ఒక్కసారన్నా చూసి వెళ్ళు."

నాలుగో అంతస్తుకి మెట్లెక్కే వెళ్ళింది. వార్డులో ఆ చివర మంచం మీద ఒక పిల్ల దిండు మీద దిండు వేసుకుని కూర్చుని ఉంది. తలమీద అప్పుడే మొలుస్తున్న జుట్టు నూగులా మెరుస్తోంది. పక్కన తల్లి బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టినదాన్నే విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

"ఎవరు నువ్వు?" అంది రాణిగారు.

"కింద ఉంటాను. నీ చుక్కలు చూస్తుంటాను."

"నాకు చుక్కల్లేవు. చూడు," అని రెండు చేతులూ చాపింది.

"లోపలున్నాయి."

"ఏం చేస్తున్నాయి?"

"బడికెళ్తున్నాయి. నిన్నా మొన్నటిదాకా ఒకటో తరగతి. ఇప్పుడు మూడుకొచ్చాయి."

తల్లి చేతిలో బట్ట జారిపోయింది. డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. నోరు పెగలదేమోనని భయపడింది కానీ మాట దానంతటదే వచ్చింది.

"రోగం తిరగబెట్టలేదమ్మా. అవి పసికణాలు. కొత్తగా పుట్టి పెరుగుతున్నాయి. ఆ మందు అక్కర్లేదు. నెలనెలా తీసుకొచ్చి చూపించండి, అంతే. ఇవాళ ఇంటికి వెళ్ళిపోవచ్చు."

తల్లి ఉన్నచోటే నేలమీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. "మళ్ళీ చెప్పండి," అంది. డాక్టరమ్మ ఆమె పక్కన నేలమీదే కూర్చుని మళ్ళీ చెప్పింది. "ఇంకోసారి చెప్పండి," అంది. ఇంకోసారి చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట నోటికి బరువుగా లేదు. పక్క మంచాల తల్లులు ఒక్కొక్కరే దగ్గరికి చేరారు. వాళ్ళ కోసం కూడా చెప్పింది.

సామాను సర్దడం ఎంతోసేపు పట్టలేదు. తల్లి మంచం కిందికి వంగి, గోడవారగా పడి ఉన్న పిల్ల బూట్లు పైకి తీసింది. ఆస్పత్రికి వచ్చిన రోజు వేసుకొచ్చినవి. ఆ తరవాత వాటి అవసరమే రాలేదు. కుడికాలికి తొడగబోతే ఎక్కలేదు. మడమ బయటే ఉండిపోయింది. ఎడమకాలూ అంతే. తల్లి ముఖం పాలిపోయింది.

"వాచిందా డాక్టరమ్మా? కాళ్ళకి నీరొచ్చిందా?"

డాక్టరమ్మ మంచం ముందు మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల పాదాన్ని చేతిలోకి తీసుకుంది. వెచ్చగా ఉంది. బొటనవేలితో పాదం మీద, చీలమండ మీద మెల్లగా నొక్కి, తీసి చూసింది. నీరుంటే పడే గుంట పడలేదు. రెండో పాదం కూడా నొక్కింది. పిల్లకి చక్కిలిగిలి పుట్టి కిలకిలా నవ్వి కాలు లాక్కుంది.

"వాపు కాదమ్మా," అంది డాక్టరమ్మ. "పెరిగింది."

తల్లి అప్పుడు ఏడ్చింది.

"అవి నావి కావు. చిన్నపిల్లవి," అని తేల్చేసింది రాణిగారు. ఎంత బతిమాలినా ఇంక వాటిని తాకలేదు. తల్లి చంకెక్కి, వట్టికాళ్ళు ఊపుకుంటూ, "నేనెళ్తున్నా. మీరందరూ మందులు తాగండి," అని వార్డుకి ఆజ్ఞ ఇచ్చి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ కిందకి దిగి స్వెట్టరు విప్పి మడిచి సంచిలో పెట్టుకుంది. యంత్రం ఆపింది. "వెళ్ళొస్తాను బావగారూ," అంది. అతను చేతులు జోడించబోయి, సరిపోదనిపించిందేమో, గొట్టాలు కడిగే తడిచేత్తోనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "రేపు పదిమంది పిల్లల మజ్జలొస్తాయమ్మా," అన్నాడు. "మీరున్నారుగా," అంది ఆమె. దండలు, ఉపన్యాసాలు వద్దని ముందే చెప్పింది కాబట్టి ఆ సాయంత్రం ఎవరి పనిలో వాళ్ళున్నారు. సాయంకాలపు ఎండలోకి వచ్చి కళ్ళు చిట్లించింది.

గేటు దగ్గర అక్క గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ జుట్టేమిటే, ఎవరన్నా పట్టుకుని లాగారా?"

"భుజాన వేసుకుని మోశారక్కా."

"నిన్నా? ఎవరు?"

"చెప్తా, పద. చాలా పెద్ద కథ. ఒక్క వాక్యంలో అయ్యేది కాదు."

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒక్క గొడుగు కింద రోడ్డు దాటారు. ఆఫీసులు వదిలిన వేళ. అవతలి పక్క జనంలో గొడుగు కాసేపు కనిపించి, మలుపు తిరిగింది.

పైన వార్డులో సిస్టరు ఖాళీ మంచం మీద దుప్పటి మార్చింది. ఊడ్చే మనిషి బూట్ల జత చూపించి వీటినేం చెయ్యమంటారని అడిగితే, పారెయ్యమని అనబోయి, ఎందుకో అనలేక, తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. నీలం గుడ్డబూట్లు, అరచేతిలో ఒదిగేంతవి, బొటనవేళ్ళ దగ్గర అరిగి దారాలు లేచినవి. అడుగున గాట్లలో ఎప్పటిదో వానాకాలపు బురద ఎండి అలాగే ఉంది.